బిగిసిపోని బ్రేకు

తొలకరి జల్లు పడిన సాయంకాలమున టెక్కలి నుండి పలాసకు 16వ నంబరు జాతీయ రహదారి మీద పోయినవారికి ఒక సంగతి అనుభవమే. వేసవి యంతయు పేరుకొన్న దుమ్మును, బండ్లనుండి కారిన నూనెయును ఆ చినుకులతో కలిసి రోడ్డును నున్నగా చేయును. జీడిపిక్కల బస్తాలతో కాశీబుగ్గకు పోవు లారీకి ఒక ఆవు అడ్డము వచ్చినదనుకొందము. డ్రైవరు బ్రేకును బలముగా తొక్కును. చక్రములు నిలిచిపోవును; లారీ మాత్రము నిలువదు.

దొర్లు చక్రమునకు నేలపై పట్టుండును. తిరుగుట మానిన చక్రము నేలను రాచుకొనుచు జారిపోవును. తడి రోడ్డుమీద దాని పట్టు మరింత తగ్గును. అంతకంటె ప్రమాదమేమన, ముందు చక్రములు బిగిసినప్పుడు స్టీరింగు ఎటు త్రిప్పినను బండి అటు తిరుగదు. చుక్కాని విరిగిన పడవ వంటిదే అది.

దీనికి విరుగుడు ఆంటీ లాక్ బ్రేకు. చక్రము వద్ద పండ్లుగల చుట్టొకటి, దాని చెంత సెన్సారొకటి యుండును. చక్రము ఎంత వేగముగా తిరుగుచున్నదో ఈ సెన్సారు చిన్న కంప్యూటరునకు తెలుపుచుండును. ఏ చక్రమైనను హఠాత్తుగా మందగించినచో, అది బిగిసిపోనున్నదని గ్రహించి, కవాటము ద్వారా దాని బ్రేకు ఒత్తిడిని సడలించును. చక్రము మరల తిరుగగానే ఒత్తిడిని పెంచును. ఈ సడలింపు, బిగింపు సెకనునకు పలుమార్లు జరుగును. కార్లలో బ్రేకు నూనె, పెద్ద లారీలలో గాలి, సూత్రమొక్కటే.

ఈ ఊహ మొదట విమానములకు 1950 ప్రాంతమున ఉపయోగపడినది. 1978లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ పద్ధతిని మెర్సిడెస్ బెంజ్ కారులో ప్రవేశపెట్టినది. మన దేశమున పెద్ద లారీలకు, బస్సులకు 2015లోను, కొత్త కార్లకు, 125 సి.సి.కి మించిన కొత్త మోటారు సైకిళ్ళకు 2019 ఏప్రిలు నాటికిని తప్పనిసరియైనది. పెక్కు మోటారు సైకిళ్ళలో ఇది ముందు చక్రమునకు మాత్రమే యుండును. ముందు చక్రము బిగిసినచో మనిషి పడుట దాదాపు నిశ్చయము గనుక, ఆ మాత్రమైనను మేలే.

ఇది పనిచేయునప్పుడు కారు పెడలు కాలిక్రింద దడదడలాడును. బ్రేకు చెడినదని భ్రమపడి కొందరు కాలు తీసివేయుదురు. తీయరాదు. గట్టిగా తొక్కిపట్టి, అడ్డమును తప్పించుటకు స్టీరింగు త్రిప్పవలెను. అసలు ప్రయోజనమదియే.

ఉద్దానము లోపల, వజ్రపుకొత్తూరు తీరము వైపు, ఇసుక బాటలలో సంగతి వేరు. బిగిసిన చక్రము తన ముందు ఇసుకను కుప్పగా త్రోసికొని, ఆ కుప్పకే తగిలి ఆగును. ఈ యంత్రము ఆ కుప్పను చేరనీయదు. కావున ఇసుకలో బండి మరికొంత దూరము పోయి ఆగుట కలదు. కొబ్బరితోటల నడుమ బాట మలుపులో, ఎ.బి.ఎస్. కలదను ధైర్యమున వేగము పెంచువారు ఇది తెలిసికొనవలెను.

మరియొక మాట. తాళము త్రిప్పగానే పసుపు దీపమొకటి వెలిగి, కొంచెము సేపటికి, కొన్నిటిలో బండి కదలిన పిమ్మట, ఆరిపోవలెను. ఆరనిచో మామూలు బ్రేకు పనిచేయవచ్చును గాని, ఎ.బి.ఎస్. పనిచేయుట లేదని భావించవలెను. వానకాలపు బురద సెన్సారును కప్పినను ఇట్లు జరుగవచ్చును. మెకానిక్కునకు మొదట దానినే చూడుమని చెప్పుడు.