కొత్త ఉపాధ్యాయునికి తొలి గౌరవము

సాయంకాలము బాల్కనీలో నిలుచుండి చల్లగాలిని అనుభవించునప్పుడు, మన పాదముల క్రింది పలకలో ఇనుపకడ్డీలు పైభాగమున ఉన్నవా, అడుగున ఉన్నవా అని మనము విచారింపము. కాని మన ప్రాణములు ఆ విషయముపైననే ఆధారపడి యున్నవి.

కాంక్రీటు నొక్కుడును బాగుగా ఓర్చును. లాగుడును అంతగా ఓర్వలేదు. రెండు గోడలపై ఆనిన దూలము బరువునకు నడుమ క్రుంగును. లాగుడు అడుగున కలుగును గనుక ప్రధానమైన కడ్డీలను అచ్చటనే ఉంచుదురు. ఒక వైపుననే ఆధారము గల బాల్కనీలో ఇది తారుమారగును. కడ్డీలు పైన ఉండవలెను. ‘కడ్డీలు అడుగున’ అని వల్లించి పరీక్షలో నెగ్గిన విద్యార్థి రేపు కట్టు బాల్కనీ ఏమగునో ఊహింపుడు. ఒక రబ్బరు ముక్కపై గీతలు గీసి, దానిని వంచి, ఏ గీతలు ఎడమగుచున్నవో విద్యార్థి చేతనే చెప్పించు ఉపాధ్యాయుడు ఆ ప్రమాదమును తరగతి గదిలోనే తప్పించుచున్నాడు.

అట్టి నేర్పు గల యువకుడో, యువతియో బోధనలో ఎంతకాలము నిలుతురు? పరిశ్రమలు హెచ్చు జీతమిచ్చి పిలుచును. కట్టిన వంతెన పదిమందికి కనబడును. చెప్పిన పాఠము కనబడదు. తొలి సంవత్సరములలో పాఠములు సిద్ధపరచుకొనుట, ప్రయోగశాల, సమాధాన పత్రములు, అన్నియు ఒక్కసారిగా మీద పడును. ‘నీ శ్రమను గుర్తించితిమి’ అను మాట అప్పుడే వినబడవలెను.

అమెరికాలో ఇంజనీరింగు బోధనాభివృద్ధికై 1893లో చికాగో నగరమున ఒక సంఘము వెలసినది. ఇంజనీరు బెంజమిన్ లామ్ వ్రాసియుంచిన మరణశాసనము ననుసరించి 1928 నుండి ఆ సంఘము ఉత్తమాచార్యులకు స్వర్ణపతకము నొసగినది. యువాచార్యులకై జార్జి వెస్టింగ్‌హౌస్ పురస్కారము 1946లో ఏర్పడినది. పెద్దలను గౌరవించుటతో పాటు పిన్నలను నిలుపుకొనవలెనను గ్రహింపు అందు కనబడుచున్నది. మన దేశమున 1958లో ఆరంభమైన జాతీయోపాధ్యాయ పురస్కారములు 2023లో ఉన్నత విద్యాసంస్థల, పాలిటెక్నిక్‌ల అధ్యాపకులకును విస్తరించినవి. ఇది శుభారంభము. ప్రతి కళాశాలయు తన నూతనోపాధ్యాయులకై ఇట్టి గౌరవమును స్వయముగా ఏర్పరచవచ్చును గదా!

అయితే ఎంపిక ఎట్లు? ఉత్తీర్ణుల శాతమును బట్టి యిచ్చినచో సులభమైన ప్రశ్నపత్రమునకే బహుమానము దక్కును. వ్యాసముల సంఖ్యను బట్టి యిచ్చినచో తరగతి గది మరుగున పడును. అనుభవజ్ఞులు ముందుగా తెలుపక తరగతిలో వెనుక వరుసన కూర్చుండి వినవలెను. రెండేండ్ల తరువాత ఆ విద్యార్థులనే పిలిచి, ఏ పాఠము పనికివచ్చినదో అడుగవలెను. బహుమానము కేవలము శాలువా, జ్ఞాపికలతో ముగియరాదు. ఒక అర్ధసంవత్సరము పనిభారము తగ్గించి, ప్రయోగశాలకు కొంత ధనము సమకూర్చినచో అదియే నిజమైన సన్మానమని మా అభిప్రాయము.

మీ యింట ఇంజనీరింగు చదువు పిల్లలున్నచో ఈ రాత్రి భోజనవేళ ఒక్క ప్రశ్న అడుగుడు: ‘మీకు ఎవరి పాఠము అర్థమగుచున్నది?’ వారు చెప్పిన పేరు నిన్నమొన్న చేరిన ఉపాధ్యాయునిదైనచో, కళాశాల అధ్యక్షునకు ఒక జాబు వ్రాయుడు. ఆ ఉపాధ్యాయునికి అదియే తొలి పురస్కారము కావచ్చును.