ఫార్మాట్ కొట్టించే ముందు పది నిమిషాలు

లాల్ దర్వాజ నుంచి మాట్లాడుతున్నా. వెనక హారన్లు వినబడితే ఏమనుకోకండి, మా గల్లీ అంతే, ఏ టైంల రికార్డ్ చేసినా ఇదే కథ.

ఈరోజు ఫోన్ గురించి కాదు. ఇంట్లో ఒక మూలకు గుడ్డ కప్పుకొని కూర్చుంటది చూడండి, ఆ కంప్యూటర్ గురించి. మీలో చాలామంది ఫోన్‌ల ఏ సెట్టింగ్ ఎక్కడుందో కండ్లు మూసుకొని చెప్తరు. అందుకే ఇంట్ల సిస్టం ఆన్ కాకపోతే నాన్న ముందు మీ దిక్కే చూస్తడు. "రోజంతా ఫోన్ పట్టుకొనే ఉంటవు కదా, ఇది చూడరాదా" అంటడు. మీకేమో దాని సైడు డోర్ ఎట్ల ఊడుతదో కూడా తెల్వదు. ఆఖరికి బండి మీద పెట్టుకొని షాపుకు తీస్కపోతరు. అక్కడ రెండు మాటల్లో ఒకటి వినిపిస్తది. "బోర్డు పోయింది", లేకపోతే "ఫార్మాట్ కొట్టాలె".

నేనూ రిపేర్ పనే చేస్తా కాబట్టి ఒక సంగతి చెప్తా. ఆ మాట అన్నోళ్లందరూ మోసగాళ్లు కాదు. షాపుల పది మెషీన్లు లైన్‌ల ఉంటయి. అసలు కారణం వెతకాలంటే గంటలు పట్టొచ్చు, విండోస్ మళ్లీ వెయ్యాలంటే అరగంట. ఫార్మాట్ మాట ముందొచ్చేది అందుకే. కానీ లోపల ఏమున్నదో షాపాయనకు తెల్వదు, మీకు తెలుసు. కాబట్టి ఆపాల్సింది మీరే.

మన పాతబస్తీల కంప్యూటర్ చాలామందికి అన్నం పెట్టే మెషీన్. ఛత్తా బజార్‌కు ఎప్పుడైనా పోయిన్రా? పురానీ హవేలీ దగ్గర, రెండు పక్కలా పెండ్లి కార్డుల షాపులు, ప్రింటింగ్ ప్రెస్సులు. ఒకప్పుడు అక్కడ ఉర్దూ కార్డు అంటే కాతిబ్ కూర్చొని కలంతో రాసేటోడు. ఇప్పుడు ఎక్కువగా ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌ల కొడ్తరు. తెలుగు కార్డులకు అను ఫాంట్లు. పోయిన పెండ్లిళ్ల సీజన్‌ల అక్కడి ఒక షాపాయన ఫోన్ చేసిండు. "భాయ్, ఫ్యాన్ తిరుగుతున్నది, లైటు వెలుగుతున్నది, స్క్రీన్ మాత్రం నల్లగ ఉన్నది. ఒకాయన వచ్చి చూసి బోర్డు పోయిందన్నడు. కొత్త సిస్టం తీస్కోండి, పాత హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసి దాంట్లనే వేస్తా అంటున్నడు. వెయ్యమందునా?"

ఆ డిస్క్‌ల ఏమున్నదో అడిగిన. ఏండ్ల సంది చేసిన కార్డుల మ్యాటర్ అంతా అందులనే. డెలివరీ ఇయ్యాల్సినవి కూడా అందులనే. బ్యాకప్ లేదు. నేను పోయి క్యాబినెట్ విప్పి ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బర్‌తోటి మెల్లగ తుడిచి, మళ్లీ గట్టిగ నొక్కిన. స్క్రీన్ వచ్చేసింది. బోర్డుకు ఏం కాలే. చాయ్ చల్లారకముందే పని అయిపోయింది.

ప్రతిసారీ ఇంత సులువుగ ఉంటదని చెప్తలేను. కానీ "ఫ్యాన్ తిరుగుతది, స్క్రీన్ రాదు" అనే కేసుల్ల ముందు చూడాల్సింది ర్యామే. మన దగ్గర దుమ్ము ఎక్కువ, వానకాలం తేమ ఎక్కువ. ఆ పళ్ల మీద పొర కడితే బోర్డుకు ర్యామ్ అసలు కనబడదు.

మీరే చెయ్యాలంటే ఇట్ల చెయ్యండి. ప్లగ్గు పీకండి. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, పీకాలె. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంట్ పోతది. ఇప్పుడు ఫోన్ తియ్యండి. ఏ వైరు ఎక్కడుందో వెనకా లోపలా ఫోటోలు కొట్టండి. మళ్లీ పెట్టేటప్పుడు ఆ ఫోటోలే మీకు గురువు. ర్యామ్‌ను ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుము ఒకసారి పట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ పోతది. ర్యామ్ రెండు చివర్ల లాకులు తెరిచి పైకి తియ్యండి. తుడిచి, కొసలు టక్కుమనేదాక నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఒకదానితో వచ్చి ఇంకోదానితో రాకపోతే దొంగ దొరికినట్టే.

ఇంతకంటే ముందు ఇంకోటి చూసుకోండి, చెప్తే నవ్వుతరు. మానిటర్ కేబుల్. వేరే గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంల కేబుల్ ఆ కార్డుకే పెట్టాలె, పైన బోర్డుకున్న పోర్టుకు కాదు. ఇల్లు ఊడ్చినప్పుడు కేబుల్ ఊడితే, మళ్లీ పెట్టేటోళ్లు తప్పు రంధ్రంల పెడ్తరు.

ఒక ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. కరెంట్ వైరు వెనక గుచ్చుకునే ఆ ఇనుప డబ్బా. ప్లగ్గు పీకినంక కూడా దాంట్ల కెపాసిటర్లు చార్జ్ పట్టుకొని ఉంటయి. పాడైతే మార్చడమే, ఇంట్ల రిపేర్ చేసేది కాదు.

ఇప్పుడు తేదీ ముచ్చట. కౌన్సెలింగ్ సీజన్‌ల ఏటా నాకు ఇదే ఫోన్ వస్తది. "అన్నా, ఎంసెట్ వెబ్‌సైట్ ఓపెన్ అయితలేదు, ఇయాల్నే లాస్ట్ డేట్, నెట్ బానే ఉంది." పేరు ఈఏపీసెట్‌గా మారినా మనోళ్లు ఇంకా ఎంసెట్టే అంటరు. బ్రౌజర్‌ల ఏం వస్తున్నదని అడిగితే, "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర గుర్తు వస్తున్నదంటరు. వైరస్ అనుకుంటరు. స్క్రీన్ కింద కుడిపక్క తేదీ చూడమంటా. 2009 అనో 2015 అనో ఉంటది!

కారణం బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ. దాని నంబర్ సీఆర్2032, 3 వోల్టులు. ప్లగ్గు పీకినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాతదానికి పోతది. వెబ్‌సైట్లకు ఇచ్చే సెక్యూరిటీ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాక అని గడువుంటది. మీ సిస్టం తేదీ ఆ గడువుల లేకపోతే బ్రౌజర్ లోపలికి పోనియ్యదు. తేదీ సరిచేస్తే ఆ పూటకు పని జరుగుతది, తర్వాత బ్యాటరీ మార్చండి. వాచీల షాపుల్ల కూడా దొరుకుతది. దీనికి కూడా ఫార్మాట్ కొట్టించుకున్నోళ్లను చూసిన నేను. ఫార్మాట్ చేస్తే బ్యాటరీ చార్జ్ అయితదా చెప్పండి?

సరే, అసలు ప్రమాదానికి వద్దాం. కొన్నిసార్లు విండోస్ నిజంగనే పాడైతది, మళ్లీ వెయ్యక తప్పదు. అప్పుడు షాపాయన "సీ డ్రైవ్ ఒక్కటే పోతది, డీ, ఈ అట్లనే ఉంటయి" అంటడు. నిజమే. కానీ మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఇవన్నీ మామూలుగ సీ డ్రైవ్‌లనే ఉంటయి. అమ్మ స్కాన్ చేయించి డెస్క్‌టాప్ మీద పెట్టిన మీ మెమోలు, చెల్లె పుట్టినప్పటి ఫోటోలు, అన్నీ అక్కడే.

"పోతే రికవరీ చేయిద్దాం లే" అనుకోకండి. పాత హార్డ్ డిస్క్‌ల క్విక్ ఫార్మాట్ కొడితే లెక్కల పుస్తకం మాత్రమే చెరిగినట్టు, సరుకు గోదాంలనే ఉంటది. పైన కొత్తది రాయకముందే పడితే చాలావరకు దొరకొచ్చు. ఎస్‌ఎస్‌డీ కథ వేరు. ఫలానా జాగ ఖాళీ అని విండోస్ చెప్పంగనే అది ఆ జాగను తనంతట తనే తుడిచేసుకుంటది. దాన్ని ట్రిమ్ అంటరు. ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కు పోయినా దాదాపు దొరకదు. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌ల దాదాపు అన్నిట్లా ఎస్‌ఎస్‌డీలే కాబట్టి ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి.

మరి విండోస్ స్టార్ట్ కాకపోతే డేటా ఎట్ల తీస్తం? ఉబుంటు అని ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఉన్నది. దోస్తు ల్యాప్‌టాప్‌ల దాన్ని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. పెన్‌డ్రైవ్ ఖాళీదై ఉండాలె. మీ సిస్టం ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ తెరవాలె. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్, ఏదో ఒకటి. పెన్‌డ్రైవ్ ఎంచుకొని, వచ్చిన తెర మీద "ట్రై ఉబుంటు" నొక్కండి. "ఇన్‌స్టాల్" నొక్కకండి. డిస్క్‌ల ఏం మారకుండా మీ ఫోల్డర్లు కనిపిస్తయి. బయటి డిస్క్‌కు కాపీ చేసుకోండి. లోపలి డిస్క్ టక్ టక్ అని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇది కూడా వద్దు. ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకింత పాడైతది. బంద్ చేసి డేటా రికవరీ వాళ్లకే ఇయ్యండి.

ఛత్తా బజార్ షాపాయనకు నేను ఆ రోజే చెప్పిన మాట, డీటీపీ పని చేసే ఇండ్లన్నిటికీ చెప్తున్నా. ఫైళ్లు ఒక్కటే కాపీ చేస్తే సరిపోదు. అను ఫాంట్లల్ల కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని సిస్టంల తెరిస్తే పెండ్లికొడుకు పేరు బదులు పిచ్చి గుర్తులు కనబడతయి. ఫైళ్లతో పాటు ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, లైసెన్స్ వివరాలు కూడా దాచుకోవాలె.

ఇంకోటి, ఇది కొత్త ల్యాప్‌టాప్ కొన్నోళ్లకు. విండోస్ 11ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోటి లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌ల డిస్క్‌కు దానంతట అదే తాళం పడుతది. బిట్‌లాకర్ అంటరు. మామూలప్పుడు మీకు తెల్వను కూడా తెల్వదు. రిపేర్‌ల బోర్డు మార్చినా, ఒక్కోసారి బయోస్ అప్‌డేట్ చేసినా, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతది. ఉబుంటుతోటి తెరిచినా ఆ కీ అడుగుతది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల సేవ్ అయి ఉంటది. మరి ఆ అకౌంట్ ఎవరిది? కొన్న రోజు షాపుల పిల్లగాడు ఏదో ఒక మెయిల్ క్రియేట్ చేసి ఇచ్చిండు, పాస్‌వర్డ్ ఎవరికీ యాదికి లేదు! అట్లైతే ఆ డేటాను నేను కాదు, ఎవరూ తియ్యలేరు. ఈ వీడియో పాజ్ చేసి ఇప్పుడే చూసుకోండి, ఏ మెయిల్‌తోటి లాగిన్ అయి ఉన్నదో. ఫోన్‌ల బ్రౌజర్ నుంచే ఆ అకౌంట్‌లకు పోయి, కీ కనబడితే కాగితం మీద రాసి బీరువాల పెట్టండి.

స్లో సంగతి తొందరగ చెప్పేస్తా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. ఏ పనీ చెయ్యకపోయినా డిస్క్ ఎప్పుడూ 100 శాతం చూపిస్తుంటే, అది పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే, ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల దాని ఆరోగ్యం చూడండి. పసుపు రంగుల "కాషన్" అని వస్తే డేటా తీసుకొని డిస్క్ మార్చండి. బాగనే ఉంటే విండోస్‌కు ఒక ఎస్‌ఎస్‌డీ వేసి, పాత డిస్క్‌ను ఫైళ్లకు ఉంచుకోండి. కొత్త సిస్టం కొనే ముందు ఇది చెయ్యండి, తేడా మీకే తెలుస్తది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి, పాత సిస్టంల బ్యాంకు పని మాత్రం ఆలోచించి చెయ్యండి.

ఇప్పుడు నీళ్లు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన ఇక్కడ ఎవరూ మర్చిపోలే. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగింది. ఆ వారంలనే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. కరోనా టైం, పిల్లల క్లాసులన్నీ ఆన్‌లైన్. తర్వాత వారాల్ల నా దగ్గరకు బురద పట్టిన సీపీయూలు వచ్చినయి. వాటిల్ల బతికినవి ఎక్కువగా ఎవరూ ఆన్ చెయ్యనివి. ఎండల పెట్టి, "ఆరిందా లేదా" అని స్విచ్ వేసి చూసినవి షార్ట్ అయి పోయినయి. నీళ్లు ఒక్కటే అయితే ఆరుతయి, కానీ వరద నీళ్లల్ల మట్టి, మురికి, ఉప్పులు ఉంటయి. నీళ్లు ఆరినా అవి బోర్డు మీదనే ఉండి కరెంట్‌కు దారి ఇస్తయి. తడిసినదాన్ని ఆన్ చెయ్యకండి, బియ్యంల పెట్టకండి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోటి కడిగించి, బాగా ఆరినంకనే కరెంట్ ఇప్పించాలె. ఎస్‌ఎమ్‌పీఎస్ మునిగితే పారెయ్యండి. హార్డ్ డిస్క్‌కు సాధారణంగ గాలి కోసం చిన్న రంధ్రం ఉంటది, నీళ్లు దాంట్ల నుంచి లోపలికి పోతయి. డేటా ముఖ్యమైతే దాన్ని ఏ సిస్టంకూ తగిలియ్యకుండా నేరుగ రికవరీ వాళ్లకు ఇయ్యండి. కింది అంతస్తుల ఉండేటోళ్లు జూన్ రాంగనే సీపీయూను నేల మీద నుంచి టేబుల్ మీదికి ఎక్కియ్యండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఆఖరుది, షాలిబండ నుంచి ఒక చెల్లె అడిగింది. "అన్నా, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటది, ఇది మామూలేనా?" కాదమ్మా. మన పాత ఇండ్లల్ల చాలాచోట్ల స్విచ్ బోర్డుకు మూడో రంధ్రం ఉంటది, దాని వెనక ఎర్తింగ్ వైరే ఉండదు. లేకపోతే మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌ల పెడ్తరు. ఎస్‌ఎమ్‌పీఎస్‌ల ఫిల్టర్ ఉంటది, దాని నుంచి కొద్దిగ కరెంట్ ఎర్త్ వైరుల పోవాలె. దారి లేక క్యాబినెట్‌కు వస్తది. ఇప్పుడు జిల్లుమనుడే కావొచ్చు, కానీ లోపల ఏదన్నా తెగి నేరుగ తగిలితే ప్రాణం మీదికొస్తది. ఆ అడాప్టర్ ఇయాల్నే తీసెయ్యి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గు పాయింట్‌కు ఎర్త్ ఉన్నదా లేదా చూపియ్యమను. ఆయన చూసేదాక సిస్టం ఆన్ చెయ్యకు.

ప్రింటర్ ప్రశ్నలు కుప్పలు వచ్చినయి, అవి వచ్చే ఎపిసోడ్‌ల చూద్దాం. ఉంటా మరి.