ఆరోగ్య బీమా సంస్కరణలు: మన కుటుంబాలకు అందేదెంత?

(మైనారిటీ హక్కుల సదస్సులో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య బీమా గురించి 2024 నుంచి దేశంలో పెద్ద చర్చే జరిగింది. పార్లమెంటులో, పత్రికల్లో, జీఎస్టీ మండలి సమావేశాల్లో దానిపై వాదోపవాదాలు సాగాయి. వాటిలో మన కుటుంబాలకు సంబంధించిన విషయమెంత, సంబంధం లేనిదెంత అన్నది విడమరచి చూడవలసిన అవసరం ఉంది. హక్కుల గురించి మాట్లాడేవారు విద్య, ఉద్యోగం, వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్ల గురించి ఎంతో చెబుతారు. ఒక్క గుండె జబ్బు, ఒక్క మూత్రపిండాల వ్యాధి ఒక కుటుంబం పదేళ్ల కష్టార్జితాన్ని తుడిచిపెట్టగలదన్న సత్యం మాత్రం మన సభల్లో అరుదుగా వినబడుతుంది.

మొదట పన్ను సంగతి చూద్దాం. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పటి నుంచి ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం పన్ను పడింది. ఏడాదికి 20,000 రూపాయల ప్రీమియం కట్టే కుటుంబం మరో 3,600 రూపాయలు పన్నుగా చెల్లించవలసి వచ్చింది. 2024 జూలైలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ స్వయంగా ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాసి ఈ పన్ను తొలగించాలని కోరారు. ఆగస్టులో ప్రతిపక్ష సభ్యులు పార్లమెంటు ఆవరణలో నిరసన తెలిపారు. జీఎస్టీకి ముందు కూడా బీమాపై పన్ను ఉండేదని ఆర్థిక మంత్రి సమాధానమిచ్చారు. చివరకు 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ మండలి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీలపై పన్నును పూర్తిగా రద్దు చేసింది. ఆ నిర్ణయం సెప్టెంబర్ 22 నుంచి అమలులోకి వచ్చింది.

ఇది స్వాగతించదగిన నిర్ణయమే. అయితే రెండు విషయాలు గమనించాలి. పన్ను రద్దయినప్పుడు బీమా సంస్థలు తాము ఏజెంట్ల కమీషన్లపై, కార్యాలయ అద్దెలపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు కోల్పోతాయి. ఆ భారాన్ని అవి మూల ప్రీమియంలో కలిపితే, తగ్గింపులో కొంత భాగం మన చేతికి చేరకముందే కరిగిపోతుంది. కనుక పాలసీ పునరుద్ధరణ సమయంలో పాత రసీదును, కొత్త రసీదును పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండవది, ఈ రాయితీ ప్రీమియం కట్టగలిగిన వారికి మాత్రమే దక్కుతుంది. అసలు పాలసీయే లేని పంక్చర్ల దుకాణదారుకు, ఆటో డ్రైవరుకు, దర్జీకి, బీడీలు చుట్టే సోదరికి 18 శాతం పోయినా, ఉన్నా ఒకటే.

మన జనం ఎక్కడ ఉన్నారు? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లిం శ్రామికుల్లో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి వాటా ఎక్కువని చూపింది. నెలజీతం, యాజమాన్యం కట్టే బీమా, ఇఎస్ఐ కార్డు ఇవన్నీ వ్యవస్థీకృత రంగానికి చెందినవి. వీధిలో బండి పెట్టుకున్నవానికి యజమాని ఎవరు? అతని తరఫున చందా కట్టేదెవరు? 2021లో నీతి ఆయోగ్ ఒక నివేదికలో జనాభాలో కనీసం 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది, ఏ ఆరోగ్య రక్షణా లేక నడుమ మిగిలిపోయారని అంగీకరించింది. పేదల పథకానికి అర్హత దొరకదు, ప్రైవేటు పాలసీ కొనే స్తోమత ఉండదు. మన బస్తీల్లో ఇలా నడుమ చిక్కుకున్న ఇళ్లు కొల్లలు.

ఇక ప్రభుత్వ పథకాలు. ఈ విషయంలో తెలుగు నేల దేశానికి దారి చూపిందని గర్వంగా చెప్పుకోవచ్చు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. 5 లక్షల పరిమితితో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది 2018 సెప్టెంబర్‌లో. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో అది 25 లక్షలైంది. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. మన ఇళ్లలోని పెద్దలలో ఎందరికి ఈ సంగతి తెలుసు? తెలిసిన ప్రతి ఒక్కరూ తెలియని పది ఇళ్లకు చెప్పడం మన కర్తవ్యం.

కాని రాజకీయ పక్షాల పోటీ అంతా ఆ పరిమితి అంకె చుట్టూనే తిరుగుతోంది. ఒకరు 5 అంటే మరొకరు 10, ఇంకొకరు 25. ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినవి. చక్కెర వ్యాధి మాత్రలు, రక్తపోటు మందులు, నెలనెలా పరీక్షలు, డాక్టరు ఫీజు, ఆసుపత్రికి రానుపోను ఖర్చు, ఆ రోజు పోయిన కూలి, వీటిలో అధిక భాగం కుటుంబమే మోయాలి. కేంద్ర ప్రభుత్వ జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్యంపై వ్యయమయ్యే ప్రతి 100 రూపాయల్లో ప్రజలు నేరుగా జేబు నుంచి పెట్టేది 2013-14లో 64 రూపాయలుండగా, 2021-22 నాటికి 39 రూపాయలకు తగ్గింది. ఇది మేలైన మార్పే. అయినా ఆ 39 రూపాయలు అప్పు చేసి, నగలు కుదువపెట్టి తెచ్చేవారికి పరిమితి 10 లక్షలా, 25 లక్షలా అన్నది ఆ పూట మందులు కొనిపెట్టదు.

బకాయిల సమస్య మరొకటి. ట్రస్టు పద్ధతిలో ప్రభుత్వమే ఆసుపత్రులకు నేరుగా చెల్లిస్తుంది. చెల్లింపులు ఆగితే ఆసుపత్రులు రోగులను తిప్పి పంపుతాయి. 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు ఆసుపత్రుల సంఘాలు బకాయిల పేరుతో సేవలు నిలిపివేసిన సంగతి మీకు తెలిసిందే. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ, ఆపైన ట్రస్టు భరిస్తాయి. బీమా సంస్థ వస్తే చెల్లింపులు వేగవంతమవుతాయని ప్రభుత్వ వాదన. తిరస్కరించిన ప్రతి క్లెయిమూ బీమా సంస్థకు లాభమేనన్నది విమర్శకుల వాదన. రెండు భయాలూ నిరాధారం కావు. కనుక మన డిమాండు స్పష్టంగా ఉండాలి: ఏ పద్ధతి అయినా సరే, ఏ ఆసుపత్రికి ఎంత బకాయి ఉందో, ఎన్ని క్లెయిములు ఏ కారణంతో తిరస్కరించారో ప్రతి మూడు నెలలకు జిల్లాలవారీగా బహిరంగపరచాలి.

మూడవ సమస్య కాగితాలది. తెలంగాణలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన కొత్త రేషన్ కార్డుల పంపిణీ 2025లో గాని మళ్లీ మొదలు కాలేదు. ఆ నడిమి కాలంలో పెళ్లయి వేరు కాపురం పెట్టిన దంపతులు, అత్తవారింటి కార్డులో పేరు చేరని కోడళ్లు, భర్త చనిపోయిన లేదా విడాకులు పొందిన స్త్రీలు ఏ కార్డులోనూ లేకుండా మిగిలారు. దీనికితోడు ఉర్దూ పేర్లను తెలుగులో, ఇంగ్లీషులో తలా ఒక విధంగా రాయడం వల్ల ఆధార్‌లో ఒక పేరు, కార్డులో మరొక పేరు ఉంటుంది. అత్యవసర వార్డు కౌంటరు ముందు ఒక్క అక్షరం తేడాకు కుటుంబం గంటలకొద్దీ నిలబడవలసి వస్తుంది. ఈ పని చక్కబెట్టడానికి ఏ చట్టమూ మారనక్కరలేదు. ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం నెలకొక ఆదివారం శిబిరం పెట్టి, కార్డులు, పేర్లు సరిచూసి దరఖాస్తులు పెట్టించగలవు.

ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా తమ హక్కులు తెలుసుకోవాలి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో కొత్త నిబంధనలు తెచ్చింది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 3 సంవత్సరాలు మాత్రమే. 5 సంవత్సరాలు నిరాటంకంగా ప్రీమియం కట్టిన తర్వాత, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న సాకుతో క్లెయిము తిరస్కరించరాదు. 60 ఏళ్లు దాటినవారికి ప్రీమియాన్ని ముందస్తు సంప్రదింపు లేకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదని 2025 జనవరిలో ఆదేశించింది.

వడ్డీ, అనిశ్చితి కారణాలుగా బీమా విషయంలో మనవారిలో కొందరికి ధార్మిక సంకోచం ఉంది. 1985లో జెద్దాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను తిరస్కరించి, సహకార పద్ధతిని సూచించింది. మన దేశ పరిస్థితుల్లో దీనిపై తీర్పు చెప్పవలసినవారు ఉలమాలు. అది నా పరిధి కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆరోగ్యశ్రీ వంటి పథకంలో పేద కుటుంబం ప్రీమియం కట్టదు. మనమూ కట్టిన పన్నుల నుంచే ప్రభుత్వం చికిత్స చేయిస్తోంది. దానిని వదులుకోవడానికి ఈ సంకోచం కారణం కారాదు. అలాగే జకాత్, సదఖా సొమ్ముతో మనం నడిపే వైద్య సహాయం ఎంతో పుణ్యకార్యం. కాని ప్రభుత్వం తప్పుకున్న చోటును చందాలతో శాశ్వతంగా పూడ్చలేము.

చివరిగా హక్కు మాట. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదని తిప్పి పంపాయి. ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు, అత్యవసర చికిత్స నిరాకరించడం 21వ అధికరణంలోని జీవించే హక్కును ఉల్లంఘించడమేనని తీర్పు చెప్పి, పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న కారణంతో రాజ్యాంగ బాధ్యత నుంచి తప్పించుకోలేరని కూడా స్పష్టం చేసింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్యంపై వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో రెండున్నర శాతానికి చేరుస్తామంది. బీమా కార్డు ఎంత పెద్దదైనా, దగ్గరలో డాక్టరు, మందులు, పడకలున్న ప్రభుత్వ ఆసుపత్రి లేనిదే సామాన్యునికి ధైర్యం లేదు. ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. అది గడువులోగా పూర్తి కావాలని అడగడం కూడా ఆరోగ్య బీమా ఉద్యమంలో భాగమే.

ఓట్లు అడగడానికి వచ్చేవారిని ఇకపై పరిమితి ఎన్ని లక్షలని అడగకండి. మా బస్తీ దవాఖానాలో ఈ నెల చక్కెర మందులు ఉన్నాయా, మా జిల్లా ఆసుపత్రులకు బకాయి ఎంత, మా వీధిలో కార్డు లేని కుటుంబాలెన్ని అని అడగండి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు రాసి తెచ్చుకున్నాకే మాట్లాడమనండి.