రైల్వే నుంచి ధ్రువానికి

ఇవాళ ఒక రైల్వే ఉద్యోగిని సంగతి చెప్పుకుందాం. రైలింజన్లు తయారయ్యే చిత్తరంజన్‌లో పుట్టిన రేచల్ థామస్ 1979లో తొలిసారి విమానంలోంచి దూకారు. పారాచూట్ విప్పేదాకా మనిషి గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో కిందికి పడతాడు. వింటేనే కడుపులో తిప్పుతుంది! ఆవిడ మాత్రం 600 సార్లకు పైగా దూకారు.

2002 ఏప్రిల్‌లో ఏకంగా ఉత్తర ధ్రువం మీదే, 7,000 అడుగుల ఎత్తు నుంచి దూకారు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆవిడే. మన రైల్వేకు 150వ ఏడు నడుస్తున్న రోజులవి. అర్జున అవార్డు 1994లోనే వచ్చింది, పద్మశ్రీకి మాత్రం 2005 దాకా ఆగాల్సి వచ్చింది.