సగంలో వదలని మనిషి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చేలా ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గురించి చెప్పమని సంఘం వాళ్ళు నన్ను అడిగారు. కంపెనీలు పెట్టి కోట్లు గడించినవాళ్ళ పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. అందుకని మీలో చాలామంది విని ఉండని పేరు ఒకటి చెబుతాను. జిమ్ గ్రే. పేరు కొత్తదైనా, ఆయన పని మీరు రోజూ వాడుకుంటున్నదే.

ఆయన 1944లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తల్లి టీచరు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి దగ్గరే పెరిగారు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, కెమిస్ట్రీలో మార్కులు సరిగా రాక కొన్నాళ్ళు చదువు మానేసి వెళ్ళిపోయారు. పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మళ్ళీ వచ్చి చేరిన ఆ కుర్రాడే 1969లో ఆ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సులో ఇచ్చిన మొట్టమొదటి పీహెచ్‌డీ అందుకున్నారు.

ఆయన చేసిన పనేమిటో చెబుతాను. హాస్టల్లో ఉన్న కొడుక్కి తండ్రి బ్యాంకు ద్వారా రెండు వేలు పంపాడనుకోండి. తండ్రి ఖాతాలో తగ్గాలి, కొడుకు ఖాతాలో పెరగాలి. ఇక్కడ తగ్గాక, అక్కడ పెరిగేలోపు కంప్యూటర్ ఆగిపోతే? ఆ రెండు వేలూ ఎవరివీ కాకుండా పోతాయి. అలా జరగకూడదు. రెండు పనులూ పూర్తి కావాలి, లేదా అసలేదీ జరగనట్టే ఉండాలి. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. మార్పు చేసేముందే దాన్ని చిట్టాలో రాసిపెట్టుకోవడం, మిషను మళ్ళీ లేచాక ఆ చిట్టా చూసి పని పూర్తిచేయడమో, వెనక్కి తీసుకోవడమో చేయడం ఈ పద్ధతిలో ముఖ్యం. ఈ శాస్త్రానికి గట్టి పునాదులు వేసినవాళ్ళలో గ్రే ముఖ్యులు. 1998 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ఆయనకు వచ్చింది.

పలు కంప్యూటర్లు కలిసి ఒకే నిర్ణయానికి రావడం ఎలాగో ఆయన చర్చి పెళ్ళితో పోల్చి చెప్పేవారు. ఫాదర్ ఇద్దరినీ విడివిడిగా అడుగుతాడు. ఇద్దరూ సరేనంటేనే పెళ్ళి అయినట్టు ప్రకటిస్తాడు. ఒక్కరు కాదన్నా పెళ్ళి లేదు. మన పెళ్ళిళ్ళలో అంత తీరిగ్గా అడుగుతూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుందనుకోండి!

2007 జనవరి 28న, 63 ఏళ్ళ వయసులో, తల్లి చితాభస్మం సముద్రంలో కలపడానికి ఆయన తన తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరారు. శాన్‌ఫ్రాన్సిస్కో తీరానికి దాదాపు 43 కిలోమీటర్ల దూరంలోని ఫారలన్ దీవులకి ప్రయాణం. ఆ రోజు వాతావరణం బాగానే ఉంది. ఆయన తిరిగి రాలేదు. ఆపదలో ఉన్నానన్న కబురూ రాలేదు.

కోస్ట్ గార్డ్ రోజుల తరబడి వెదికింది. తర్వాత స్నేహితులు అందుకున్నారు. ఉపగ్రహాలతో సముద్రాన్ని ఫోటోలు తీయించి, వాటిని ముక్కలు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆయన్ని ఎన్నడూ చూడని వేలమంది తమ ఇళ్ళలో కూర్చుని ఒక్కో ముక్కలో పడవ కోసం కళ్ళు చించుకుని చూశారు. నింగి నుంచి తీసిన భూమి ఫోటోలు మామూలు జనం కంప్యూటర్లో చూసే వీలు కల్పించిన తొలి ప్రయత్నాల్లో టెర్రాసర్వర్ ఒకటి. 1998లో దాన్ని తెచ్చినవాళ్ళలో గ్రే ఒకరు.

పడవ దొరకలేదు. మనిషీ దొరకలేదు. ఇంటివాళ్ళు మే 31 దాకా నీటి అడుగున కూడా వెదికించారు. సరిగ్గా ఏడాదికి బర్కిలీలో సభ జరిగింది. దానికి సంస్మరణ సభ అని పేరు పెట్టలేదు, గౌరవ సభ అన్నారు. పోయాడని ఎవరూ తేల్చి చెప్పలేని మనిషికి సంస్మరణ ఎలా చేస్తారు? 2012లో గానీ చట్టప్రకారం ఆయన మరణం ఖాయం కాలేదు. వేటకెళ్ళిన మనిషి తుఫానులో చిక్కుకుని తిరిగి రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మన తీరప్రాంతం వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. భార్య, కూతురు ఐదేళ్ళు అలా గడిపారు.

అంతమంది ఎందుకు వెదికారు? అవార్డు కోసం కాదు. విద్యార్థి అయినా, పేరున్న శాస్త్రవేత్త అయినా అడిగినవాళ్ళకి ఆయన టైమిచ్చేవారు. ఖగోళ శాస్త్రం ఆయన చదివింది కాదు. అయినా ఆ శాస్త్రవేత్తల పక్కన కూర్చుని, నక్షత్రాల లెక్కలు అందరికీ అందేలా డేటాబేసు కట్టిపెట్టారు. అమ్మ చివరి పని ఇంకొకరికి అప్పగించకుండా స్వయంగా బయలుదేరినవాడు, ఇతరుల పనిని కూడా అంత శ్రద్ధగానే చూశాడు.

పిల్లలూ, సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, మంచి జీతాలు తెచ్చుకోండి, తప్పులేదు. దాంతోపాటు, మీరు కనబడకపోతే వెదకడానికి నలుగురు బయలుదేరేలా బతకండి.

మిత్రులారా, ఈ సంచిక కోసం తయారుచేసిన బ్యాచీల జాబితాలో కొన్ని పేర్ల ఎదురుగా చిరునామా గడి ఖాళీగా ఉంది. వాళ్ళు మన పక్క బెంచీల్లో కూర్చున్నవాళ్ళే. భోజనాలకి లేచేముందు ఒక్కొక్కరు ఒక్కో పేరు రాసుకోండి. వాళ్ళ ఊళ్ళో వాకబు చేయండి, ఫోన్ చేయండి. వచ్చే సమావేశానికి ఆ గడులు నింపుదాం.

సెలవు.