మార్కుల్లో దొరకని మనసు: ఫెనామెనాలజీ అంటే ఏంటి?

'గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా అనిపించింది?' ఇలాంటి ఫారం ఫోన్‌లో మీరూ ఎప్పుడో నింపే ఉంటారు. సున్నా నుంచి మూడు దాకా ఏదో ఒకటి నొక్కుతాం, చివర్లో స్కోర్ వస్తుంది. ఆ స్కోర్ అవసరమే. కానీ ఇద్దరికి ఒకే స్కోర్ వచ్చిందనుకోండి. ఒకరికి ఫోన్ మోగితే గుండె దడ, ఇంకొకరికి మోగకపోతే దడ. ఆ తేడా అంకెలో కనపడదు కదా!

దాన్ని పట్టుకోవడానికే సైకాలజీలో ఫెనామెనాలజీ పద్ధతి ఉంది. దీనికి పునాది వేసింది ఎడ్మండ్ హుసెర్ల్ అనే తత్వవేత్త. 1913లో వచ్చిన పుస్తకంలో ఆయన 'ఎపోకే' గురించి రాశారు. అంటే, మనకు ముందే తెలుసనుకున్నదాన్ని కాసేపు పక్కన పెట్టి, అనుభవం ఎలా ఎదురైందో అలాగే చూడటం.

అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లోని డ్యుకేన్ యూనివర్సిటీలో అమెడియో జార్జి దీన్ని పరిశోధన పద్ధతిగా మలిచారు. ముందు మనిషి చెప్పింది మొత్తం చదవాలి. తర్వాత అర్థం మారే ప్రతిచోటా గీత పెట్టుకోవాలి. ఒక్కో ముక్కకీ మానసికంగా ఏం అర్థమో రాయాలి. చివరికి అందరి అనుభవాల్లోనూ ఉన్న అల్లికని వెతకాలి.

వినడానికి ఈజీగానే ఉంది. కష్టమంతా పక్కన పెట్టడంలోనే. రిజల్ట్స్ ముందురోజు ఒకమ్మాయి 'రాత్రంతా నిద్రపట్టలేదు' అందనుకుందాం. నేను వెంటనే 'పరీక్ష భయం' అని రాసేస్తే, ఆ మాట నాది, తనది కాదు. 'అప్పుడు ఏం జరుగుతోంది, చెప్పమ్మా' అని ఆగితే, 'అమ్మ అడిగితే ఏం చెప్పాలో లోపల్లోపల ప్రాక్టీస్ చేస్తున్నా' అనొచ్చు. అప్పుడు కథే వేరు. నా మాట పట్టుకుని తనకి చదువు చిట్కాలు చెప్తే, తన బాధ తన దగ్గరే ఉండిపోతుంది.

'నలుగురైదుగురితో మాట్లాడితే అది సైన్సా?' అని మీరడగొచ్చు. జార్జి కనీసం ముగ్గురుండాలన్నారు. ఎంత శాతం మందికి ఇలా ఉంది అన్నది ఈ పద్ధతి చెప్పలేదు, దానికి సర్వేనే కావాలి. ఆ అనుభవం అసలు ఏమిటి అన్నది మాత్రం ఇది చెప్తుంది. అది తెలియకపోతే సర్వేలో ఏం అడగాలో కూడా తెలీదు.

ఈసారి ఫ్రెండ్ డల్‌గా కనిపిస్తే 'ఎందుకు?' అనకండి. 'ఎందుకు' అంటే సంజాయిషీ వస్తుంది. 'ఏం జరిగింది, మొదట్నుంచీ చెప్పు' అనండి. మధ్యలో పేరు పెట్టకుండా వినండి చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.