గెలిచాక పెట్టే పేరు

సాహిత్య సభలో ఆటల ఊసేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆటగాళ్ల మనసు గురించి మనం వాడే మాటల మంచిచెడ్డలు చూడాల్సింది భాష తెలిసినవాళ్లే. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు సంగతే తీసుకోండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఓడింది. 2017లో గ్లాస్గోలో, 2018లో నాన్‌జింగ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్స్‌లోనూ ఓడింది. ‘ఫైనల్ ఫోబియా’ అని పేరు పెట్టేశాం. గ్లాస్గో ఆటను దగ్గరగా చూస్తే ఆ పేరు నిలవదు. జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో పోరు 110 నిమిషాలు సాగింది. మొదటి గేమ్ పోగొట్టుకున్న సింధు, రెండోదాన్ని 73 షాట్ల ర్యాలీతో ముగించి 22-20తో లాక్కుంది. మూడో గేమ్ 20-20 దాకా వచ్చి అవతలికి ఒరిగింది. రెండు పాయింట్లు ఇటు పడి ఉంటే ఆమెది ఉక్కుగుండె అనేవాళ్లం. రెండేళ్లకు బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించింది. 40 నిమిషాలు కూడా పట్టలేదు. అప్పుడు ఆ మాట నిజంగానే అన్నాం. ఫలితం చూశాక అంటగట్టిన గుణం ఆ ఫలితానికి కారణం ఎలా అవుతుంది?

అలాగని నిబ్బరమే లేదనను. ఉంది, అది చాలావరకు ధ్యాసను ఎక్కడ నిలపాలో తెలిసిన అలవాటు. ఒత్తిడిలో మనిషి తన కదలికలను తానే గమనించుకోవడం మొదలుపెడితే చేతికి వచ్చిన పని కూడా తడబడుతుందని మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్ 1984లోనే ప్రయోగాలతో వాదించాడు. మన దగ్గర అంతకన్నా పాత ప్రయోగశాల ఉంది, అవధాన వేదిక. నిషిద్ధాక్షరి అడుగడుగునా అక్షరానికి అడ్డుపడుతుంది, నడుమ గంటల లెక్క తప్పకూడదు, అప్రస్తుత ప్రసంగి పని ధార చెడగొట్టడమే. (ఆయన్ని మనం నవ్వులకే పిలుస్తాం గానీ, నా లెక్కలో అసలు పరీక్షాధికారి ఆయనే.) అవధానికి జంకు ఉండదని కాదు. పద్యం నడక ఏనాడో నాలుకకు ఎక్కింది కనుక, గణాలు లెక్కపెట్టుకునే పని లేక ధ్యాసంతా పృచ్ఛకుడి మీద ఉంటుంది.

ఒకే గురువు దగ్గర ఒకే సాధన చేసినవాళ్లలో కొందరే నిలబడతారే, అది పుట్టుకతో వచ్చిన ధైర్యం కాదా అని అడగవచ్చు. స్వభావంలో తేడాలుంటాయి, కాదనను. కానీ అంతా స్వభావమే అయితే ఒకే మనిషిలో ఇంత తేడా రాకూడదు. టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టీమ్ ఫైనల్ నడుమ తప్పుకుంది. గాలిలో ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియని స్థితి అది. అలా దూకితే మెడ విరగవచ్చు. అయినా పిరికితనం అన్నవాళ్లు ఉన్నారు. 2024 పారిస్‌లో ఆల్‌రౌండ్ స్వర్ణం ఆమెదే. ఈ సభలో క్రీడావార్తలు రాసేవాళ్లు ఉంటే వారికి ఒక్క మనవి: ఎవరైనా ఓడిన రాత్రి గుండె గురించి కాకుండా, ఏ స్కోరు దగ్గర ఏ షాట్ ఎటు పోయిందో రాయండి.